పొద్దుతిరుగుడు నిజముగా పొద్దుతో తిరుగునా?

మన భాషలో కొన్ని మొక్కల పేర్లు వట్టి పేర్లు కావు; ఒక్కొక్కటి ఒక్కొక్క వాక్యము. నిద్రగన్నేరు అనగానే ఆ చెట్టు రాత్రివేళ ఆకులు ముడుచుకొనునని చెప్పినట్లే యగును. చంద్రకాంత యనినంతనే సాయంకాలము విచ్చెడి పూవు మనసున మెదలును. పొద్దుతిరుగుడు అను పేరు వీనికంటెను సాహసము గలది. మన పొరుగువారైన తమిళులును కన్నడిగులును ఆ పూవును సూర్యకాంతి యని పిలిచి యూరకున్నారు. అది అందమును బట్టి పెట్టిన పేరు. మన పేరు మాత్రము ఆ పూవు చేయు పనినిగూర్చి సాక్ష్యము చెప్పుచున్నది. ఇది పొద్దుతో కూడ తిరుగుచున్నదని గట్టిగా పలుకుచున్నది.

సాక్ష్యము విన్న తరువాత విచారణ జరుగవలెను గదా! మన విద్యార్థులలో ఎవరి నడిగినను ఆ పూవు సూర్యుని వెంట తిరుగుననియే చెప్పుదురు. నీవు చూచితివా యని మరల అడిగినచో సమాధానము రాదు. పేరు వినుటయే చూచుట యనుకొనుచున్నారు. మరియొక వైపున తల్లిదండ్రులు కొందరు, తెలుగులో సైన్సు చదివిన నేమి లాభము, ఆ మాటలన్నియు పైతరగతులలో మారిపోవునవియే గదా యని, పిల్లలను వేరు మాధ్యమమునకు మార్ప నాలోచించుచున్నారు. ఈ రెండు తలపులకును మూల మొక్కటియే యని మా యభిప్రాయము. శాస్త్రమనగా మాటల మూట యని ఉభయులును నమ్మియున్నారు. ఒకరికి తమ మాట చాలును. మరియొకరికి తమ మాట చాలదు. మాట చెప్పినది నిజమా, కాదా యని కన్నులతో చూచి తేల్చుకొనుటయే శాస్త్రమని ఇరువురును మరచుచున్నారు. మొక్క వెలుగు నెట్లు గుర్తించుననెడి చిన్న విషయమును తీసికొని ఈ మాటను వివరింప దలచినాము.

ముందుగా పొద్దుతిరుగుడు సంగతి. ఆ పేరు సగము నిజము. మొగ్గదశలోనున్న లేత మొక్క ఉదయమున తూర్పునకు తలయొగ్గి, మధ్యాహ్నమునకు నిలువుగా నిలిచి, సాయంకాలమునకు పడమటికి వాలును. రాత్రి యందు మెల్లమెల్లగా మరల తూర్పునకు తిరిగి, సూర్యుడు రాకముందే సిద్ధముగ నుండును. పూవు విచ్చి ముదిరిన పిమ్మట ఈ తిరుగుడు ఆగిపోవును. అటుపై అది తూర్పుముఖముగనే నిలుచును. పూర్తిగా విచ్చిన పొలము గట్టున సాయంకాలము నిలిచి చూచినచో, సూర్యుడు పడమట నుండగా పూవులన్నియు ఆయనకు వీపు చూపి నిలిచియుండుట కనబడును. బళ్లారి, రాయచూరు ప్రాంతముల రైతుబిడ్డలకు ఈ దృశ్యము క్రొత్తది కాదు. ప్రతిదినము చూచుచున్నను, పేరు చెప్పిన దొకటి, కన్ను చూచిన దొకటి యని వారిలో ఎందరు గమనించిరో!

తిరుగుట యనగా మనము మెడ త్రిప్పుట వంటిది కాదు. ఆ మొక్కకు కండరములు లేవు, కీళ్లు లేవు. కాండము పెరుగుటయే దాని తిరుగుడు. పగటివేళ కాండమున తూర్పు ప్రక్క ఎక్కువ సాగును. అందుచేత తల పడమటికి వాలును. రాత్రివేళ పడమటి ప్రక్క ఎక్కువ సాగును. అందుచేత తల తూర్పునకు వచ్చును. ముదిరిన కాండము సాగుట మానగానే తిరుగుడును ముగియును. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో పరిశోధకులు ఈ విషయమును సూక్ష్మముగా కొలిచి 2016లో ప్రకటించిరి. మొక్కను గదిలోనికి తెచ్చి, నడినెత్తిన కదలని దీపము నుంచినను, అది కొన్ని దినములవరకు తూర్పు పడమరలకు ఊగుచునే యుండెను. అనగా సూర్యుని వెంట పోవుటలో వెలుగు పాలు కొంత, మొక్క లోపల నడచెడి గడియారము పాలు కొంత. ముదిరిన పూవు తూర్పుముఖముగ నిలుచుటయు వ్యర్థము కాదు. ఉదయపుటెండకు త్వరగా వెచ్చబడిన పూవునకు, పడమటికి త్రిప్పి నిలిపిన పూవునకంటె ఐదు రెట్లు ఎక్కువగా తేనెటీగలు మొదలగునవి వచ్చినవని వారు లెక్కించిరి.

నిద్రగన్నేరు పేరును ఇట్లే విచారింపవచ్చును. చీకటి పడుట వలననే ఆకు ముడుచుకొనునా? 1729లో ఫ్రాన్సు దేశీయుడైన దె మెరాన్ అను పండితుడు ఆకులు ముడిచెడి యొక మొక్కను చీకటి చోటనుంచి చూచెను. వెలుగు సోకకున్నను దాని యాకులు పగలు విచ్చి, రాత్రి ముడుచుకొనుచునే యుండెను. చూచుటకు సులభమైన యీ పరీక్ష మానవులకు తోచుటకు అన్ని వేల యేండ్లు పట్టినది. మన చింతచెట్టు క్రింద ఎన్ని తరములవారు నిదురించిరో లెక్కలేదు. సంధ్యవేళ చింతాకు ముడుచుకొనునని వారందరు నెరుగుదురు. ఒక చింతమొక్కను కుండలో పెంచి చీకటి గదిలో నుంచి చూతమని యొక్కరికైనను తోచియుండిన నెంత బాగుండెడిది!

ఇక వెలుగువైపునకు వంగుట. గోడ బీటలో మొలచిన రావిమొక్క బయటికి వంగి పెరుగుట, కిటికీలోని కుండమొక్క ఆకులన్నియు వీధివైపునకే తిరుగుట మన మెల్లరము చూచియుందుము. ఎందుకని యడిగినచో, మొక్కకు వెలుగనిన ఇష్టము గనుక అని చెప్పుదుము. కొన్ని పుస్తకములలో కూడ ఇట్లే యుండును. ఈ సమాధానము మాకు సమ్మతము కాదు. పసివారికి కథ చెప్పునపుడు ఇష్టమనుట తప్పు కాకపోవచ్చును. తొమ్మిదవ తరగతి పిల్లవానికి ఆ మాట చెప్పినచో అతని ప్రశ్నకు తలుపు మూసినట్లే యగును. ఇష్టము గనుక వంగెను, వంగెను గనుక ఇష్టము. ఇందు తెలిసిన దేమున్నది?

ఇష్టమను మాటతో తృప్తి నొందని పెద్దమనిషి యొకడు ఇంగ్లండులో నుండెను. ఆయన పేరు చార్లెస్ డార్విన్. వృద్ధాప్యమున తన కుమారుడైన ఫ్రాన్సిస్ తోడ్పాటుతో గడ్డిజాతి మొలకలపై పరీక్షలు చేసి, 1880లో మొక్కల కదలికలనుగూర్చి గ్రంథము వెలువరించెను. గడ్డిమొలకకు మొదట ఒక తొడుగు వంటి మొన యుండును. ఒక ప్రక్కనుండి దీపము వెలుగు సోకునట్లు చేసినచో ఆ మొలక వెలుగువైపునకు వంగును. ఆయన కొన్నిటి మొనలకు వెలుగు చొరని చిన్న టోపీలు తొడిగెను. ఆ మొలకలు వంగలేదు. మరి కొన్నిటి మొనలను విడిచి, క్రింది భాగమునకు మాత్రము వెలుగు సోకకుండ చేసెను. అవి వంగినవి. వంగునది క్రింది భాగము; వెలుగును గుర్తించునది పైమొన. పైనుండి క్రిందికి ఏదో యొక వార్త పోవుచున్నదని డార్విను గ్రహించెను.

ఆ వార్త యేది? దీనికి ఉత్తరము దొరకుటకు మరి నలువది యేండ్లకు పైగా పట్టినది. డెన్మార్కు దేశపు బోయ్‌సెన్ యెన్‌సెన్ మొలక మొనను కోసి, నడుమ జిలటిన్ పలుచని ముక్కనుంచి మొనను మరల అతికించెను. వార్త దాని గుండ దిగిపోయెను, మొలక వంగెను. నీడవైపున అభ్రకపు రేకును దూర్చినచో వార్త దిగలేదు, మొలక వంగలేదు. అనగా అది జిలటిన్‌లో ఇమిడి ప్రవహింపగల పదార్థము, అభ్రకమును దాటలేనిది. 1926లో హాలండు దేశీయుడైన యువకుడు ఫ్రిట్స్ వెంట్ ఓట్సు మొలకల మొనలను కోసి అగర్ దిమ్మెలపై నుంచి, ఆ పదార్థమును దిమ్మెలలోనికి దింపెను. పిమ్మట ఒక్కొక్క దిమ్మెను మొన లేని మొలకపై ఒక ప్రక్కగా నుంచగా, చీకటిలోనే, వెలుగు లేకయే, ఆ మొలక రెండవ ప్రక్కకు వంగెను! ఆ పదార్థమునకు ఆక్సిన్ అని పేరు. గ్రీకు భాషలో పెరుగుట యను అర్థము గల మాటనుండి వచ్చినది. వెలుగు ఒక ప్రక్క సోకినపుడు ఆక్సిన్ నీడప్రక్కకు ఎక్కువగా చేరును. నీడప్రక్క ఎక్కువ సాగును. సాగిన ప్రక్క పొడవగును గనుక మొలక రెండవ ప్రక్కకు, అనగా వెలుగువైపునకు, వంగును.

ఇచట విద్యార్థులు ఒక విశేషమును గుర్తింపవలెను. వెలుగు మొక్కను లాగుచున్నదని మన మనుకొందుము. నిజమునకు నీడలోనున్న ప్రక్క మొక్కను త్రోయుచున్నది. వెలుగుప్రక్క చేయుపని తక్కువ. పెరిగెడి శ్రమయంతయు నీడప్రక్కదే. ఇష్టమను మాటతో నిలిచిపోయినవానికి ఈ సంగతి యెన్నటికిని తెలియదు.

ఇంతకును మొనలోని యే పదార్థము వెలుగును పట్టుకొనుచున్నది? మొక్కను వంచునది ముఖ్యముగ నీలి వెలుగు. ఎఱ్ఱని వెలుగు వంచదు. ఆవాల జాతికి చెందిన చిన్న మొక్క యొకటి పరిశోధనాలయములలో ఎక్కువగా వాడబడుచున్నది. దానిలో నీలి వెలుగును పట్టెడి మాంసకృత్తుకు మూలమైన జన్యువును 1997లో గుర్తించిరి. ఆ మాంసకృత్తుకు పిమ్మట ఫోటోట్రోపిన్ అని పేరు పెట్టిరి. ఇది యంతయు తెలిసిన తరువాత ఒక చిత్రము జరిగినది. పొలములోని పొద్దుతిరుగుడు పొద్దును వెంబడించుట గదిలోని మొలక దీపమువైపునకు వంగుట వంటిదే యని అందరును భావించుచుండగా, 2023లో డేవిస్ పరిశోధకులే ఆ రెంటికిని లోపల నడచెడి విధానము వేరని చూపిరి. డార్విను కాలమునుండి నేటివరకు నడచిన విచారణ ఇంకను ముగియలేదు. మన పిల్లలకు చోటు మిగిలియే యున్నది.

ఎఱ్ఱని వెలుగునకును మొక్కలో వేరొక ద్వారపాలకుడు గలడు. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధనాలయమున లెట్యూస్ అను ఆకుకూర గింజలను చీకటిలో నానబెట్టి, కొంత సేపు ఎఱ్ఱని వెలుగు చూపిరి, గింజలు మొలచినవి. ఎఱుపునకు ఆవలనుండి మన కంటికి సరిగా కానరాని దూరపు టెఱుపు వెలుగును వెంటనే చూపినచో మొలవలేదు. మరల ఎఱుపు చూపగా మొలచినవి. ఎన్నిమారులు మార్చినను చివర చూపిన వెలుగు మాటయే చెల్లినది. దీనికి కారణమైన పదార్థమునకు ఫైటోక్రోమ్ అని పేరు. చెట్టు ఆకులు ఎఱ్ఱని వెలుగును త్రాగి, దూరపు టెఱుపును క్రిందికి వదలును. అందుచేత పెద్దచెట్టు నీడనున్న మొలక తన నెత్తిన మరియొకరి యాకు గలదని ఎఱుగగలదు. ఎఱిగి, ఆకులు వెడల్పు చేసికొనుట మాని, పొడవునకు సాగును. దట్టముగా విత్తిన మడిలో నారు సన్నగా, పొడవుగా లేచుటకు ఇదియు నొక కారణము.

రైతులైన తండ్రులకు తెలిసిన సంగతి యొకటి గలదు. కలుపు తీసి దున్నిన వారమునకే క్రొత్త కలుపు మొలచును. ఇదెక్కడి శాపమని విసుగుకొందురు. నేల లోపల చీకటిలో నిద్రించుచున్న చిన్న గింజలు నాగలి తిరుగవేసినపుడు క్షణకాలము వెలుగు చూచును. పెక్కు కలుపుగింజలకు ఆ క్షణమే చాలును. ఈ సంగతి పిల్లవాడు బడిలో నేర్చి ఇంటికి వచ్చి చెప్పినచో తండ్రి వినడా? ఆ మాట ఏ భాషలో చెప్పిన తండ్రికి తెలియును?

చామంతి తోటల సంగతియు నట్టిదే. హోసూరు, కోలారు, చిక్కబళ్లాపురము ప్రాంతములలో రాత్రివేళ బస్సులో పోవువారికి కొన్ని తోటలలో వరుసలుగా విద్యుద్దీపములు వెలుగుచుండుట కనబడును. దొంగల భయముచేత కాదు, దైవోత్సవము కాదు. చామంతి పొడవైన రాత్రులు వచ్చినపుడు పూయును. నడురాత్రి దీపము వెలిగించి పొడవైన రాత్రిని రెండు పొట్టి రాత్రులుగా విడదీసినచో మొక్క మొగ్గ తొడుగక పొడవు పెరుగును. రైతు తనకు కావలసినపుడు దీపములార్పి, పండుగ అంగడికి సరిగా పూలు దింపును. దీని మూలమును 1920లో గార్నర్, అల్లార్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కపై కనుగొనిరి. మొక్క లెక్కించునది పగటి నిడివిని కాక రాత్రి నిడివినని 1938లో హామ్నర్, బోనర్ అనువారు చూపిరి. వారు వాడిన మొక్క మన బీళ్లలో బట్టలకు కాయలంటుకొనెడి మరులమాతంగియే! మన పిల్లలు త్రొక్కి నడచెడి కలుపుమొక్క శాస్త్రచరిత్రలో అంత గొప్ప సాక్షి.

ఇన్ని సంగతులు మా యూళ్ల పొలములలో, మా యిండ్లలో పరచుకొనియుండగా, మా పిల్లలు మాత్రము కిరణజన్య సంయోగక్రియ యను పదమును పదిమారులు వ్రాసి కంఠస్థము చేయుచున్నారు. సరిహద్దు ప్రాంతపు బిడ్డకు ఈ విషయమున ఒక అదనపు భారము గలదు. బడిలో కిరణజన్య సంయోగక్రియ, అంగడిలోను స్నేహితుల నోటను తమిళపు ఒళిచ్చేర్క్కై, ఆవలి వారికి కన్నడపు ద్యుతిసంశ్లేషణె, పైచదువులలో ఇంగ్లీషు పేరు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అచట ఒక్క పదముతో పాఠము సాగిపోవును. ఇచట ఒక్క సంగతికి నాలుగు పేర్లు గల పిల్లవాడు మా యెదుట కూర్చుండును. దీనిని కష్టమని కొందరందురు. పాఠము పేరుతో మొదలైనచో కష్టమే. ఆకు వెలుగును పట్టి నీటినుండియు గాలినుండియు తన యాహారమును తాను వండుకొనుచున్నదని ముందుగా తెలిసినచో, నాలుగు పేర్లును ఒకే ఇంటికి నాలుగు దారులని పిల్లవాడే గ్రహించును. అట్టివానికి ఐదవ పేరు నేర్చుట ఎంత పని?

పెద్దల భయమును మేము తీసివేయుట లేదు. ఉన్నతవిద్యలో ఇంగ్లీషు కావలెను. ఉద్యోగమునకు ఈ రాష్ట్రపు భాష కావలెను. ఆ రెండును చక్కగా నేర్పవలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. అయినను సంగతి తెలియక ముందే పేరు మార్చినంత మాత్రమున సంగతి తెలియదు. తెలుగులో కంఠస్థము చేసినవాడు ఇంగ్లీషులోను కంఠస్థమే చేయును. తెలుగులో చూచి, కొలిచి, తన మాటలతో చెప్పగలిగినవాడు ఏ భాషలోనైనను చెప్పగలుగును. మొక్కల స్పందనలను కొలిచి లోకమును ఆశ్చర్యపరచిన జగదీశచంద్ర బసువు తండ్రి ఉన్నతోద్యోగి. అయినను కుమారుని మొదట వంగభాషా పాఠశాలకే పంపెను. ఆ బాలుడు పెరిగి, మొక్క యెదుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపెడి యంత్రమును నిర్మించి, 1917లో కలకత్తాలో పరిశోధనాలయము స్థాపించెను. తన భాషవారికై వంగములో వ్రాసిన వ్యాసములను 1921లో అవ్యక్త మను పేర ప్రకటించెను. ఆయన తీర్మానము లన్నిటిని తరువాతివారు అంగీకరింపలేదు. కొలువక చెప్పరాదను ఆయన పట్టుదలను మాత్రము ఎల్లరును గౌరవించిరి.

మరియొక హెచ్చరిక. ఇవన్నియు మన పూర్వులు ముందే యెరుగుదురని చెప్పి సంతసించు వారును కలరు. పొద్దుతిరుగుడు, నిద్రగన్నేరు అను పేర్లు పెట్టిన వారు నిశితముగ చూచినవారే, సందేహము లేదు. చూచుట మొదటి మెట్టు. టోపీ తొడిగి చూచుట రెండవ మెట్టు. మొదటి మెట్టుపై నిలిచి రెండవదియు మాదే యనుట పూర్వులకు గౌరవము కాదు. వారు విడిచిన చోటనుండి ఒక్క అడుగు ముందుకు వేయుటయే గౌరవము.

కావున విద్యార్థులకు మా సూచన యిది. నాలుగు మొక్కజొన్న గింజలను చిన్న డబ్బాలో నాటి, చీకటిలోనుంచి, మొలకలు బొటనవ్రేలంత కాగానే రెండింటి మొనలకు చాకొలెట్టు వెండికాగితముతో టోపీలు తొడుగుడు. మిగిలిన రెండింటిని విడువుడు. ఒక ప్రక్క మాత్రమే రంధ్రము గల అట్టపెట్టెలో అన్నిటిని కలిపి యుంచుడు. కొన్ని గంటలకొకమారు తెరచి చూచి, ఎంత వంగెనో గీత గీసి, వేళ వ్రాయుడు. 1880లో డార్విను చూచినదానిని మీరు మీ ఇంటి అరుగుపై చూతురు. ఖర్చు ఏమియు లేదు. ఫలితము వేరుగా వచ్చినచో దాచకుడు, అదియే వ్రాయుడు. టోపీ వదులై యుండవచ్చును, పెట్టెకు బీట యుండవచ్చును. ఎందుకట్లయ్యెనని వెదకుటలోనే సగము చదువున్నది.

తల్లులకు ఒక మనవి. వంటింటిలో ఉర్లగడ్డలు వెలుతురులో నుండి పచ్చబారినపుడు పారవేయుచు, పిల్లలను పిలిచి చూపుడు. ఆ పచ్చదనము ఆకులలోని పత్రహరితమే. దానితో పాటు చేదైన విషపదార్థమును చేరును గనుక తినరాదు. పెండ్లి ఇంట పాలికలలో నవధాన్యములు మొలచినపుడు, చీకటి మూలనున్న పాలికలోని మొలకలు తెల్లగా, పొడవుగా, బలహీనముగా నుండుటను, వాకిట నున్నవి పొట్టిగా, పచ్చగా, బలముగా నుండుటను చూపుడు. చీకటిలోని మొలక గింజలోని ఆహారమంతయు పొడవునకే వెచ్చించి వెలుగును వెదకుచున్నది. వెలుగు దొరకినది పొడవు మాని ఆకు విచ్చుచున్నది. ఇంతకంటె మంచి పాఠము ఏ పుస్తకమున గలదు? తల్లికి ఇంగ్లీషు రానంతమాత్రమున బిడ్డ సైన్సు చదువునకు తోడ్పడలేనని బాధపడుట తగదు. చూపుటకు భాష అడ్డము కాదు. చూచినదానిని మాటాడుకొనుటకు ఇంటి భాషకు మించినది లేదు.

తండ్రులకు మరియొక మనవి. మాధ్యమము మార్ప దలచినవారు మార్చుటకు ముందు పిల్లవాని నొక ప్రశ్న యడుగుడు: ఈ సంవత్సరము నీవు నీ కన్నులతో చూచి తెలిసికొన్న దేది? సమాధానము వచ్చినచో ఆ చదువు మంచిదే, ఏ భాషలో నున్నను. రానిచో లోపము భాషది కాదు; ఆ లోపము క్రొత్త బడికి కూడ వెంట వచ్చును. అట్టి లోపమున్నచో మమ్ము, మాతోడి ఉపాధ్యాయులను నిలదీయుడు. వారమున కొక గంట పిల్లలను తరగతి వెలుపలికి తీసికొనిపోయి మొక్కలను చూపుమని అడుగుడు. పుస్తకము పూర్తికాలేదని మేము సాకు చెప్పినను అంగీకరింపకుడు.

ఈ యేడు పాఠశాల ఆవరణమున తూర్పుగోడ వెంబడి పొద్దుతిరుగుడు గింజలు చల్ల దలచినాము. మొగ్గనుండి పూవు ముదురువరకు ఏ దినమున ఏ వేళ తల యెటున్నదో తొమ్మిదవ తరగతివారు పట్టిక వ్రాయుదురు. వంతులవారీగా ఇంటి పెద్దల తోడ ఒకటి రెండు రాత్రులును వచ్చి చూడవలసియుండును. పేరు చెప్పిన సాక్ష్యములో ఎంత నిలుచునో, ఏ దినమున తిరుగుడు ఆగునో, ఆ పట్టికయే తేల్చవలెను. రాత్రి రెండు గంటలకు ఆ మొగ్గ ఎటు తిరిగియుండునో మా కన్నులతో మేమును చూడలేదు. చూడవలెనని మాకును కోరికగనే యున్నది.